జువ్వలదిన్నెలో మూడు దినములు

2025వ సంవత్సరపు క్రిస్మసు పండుగ మరునాడు మేము జువ్వలదిన్నెకు బయలుదేరితిమి. మా వారు మిషను పాఠశాలలో ఉపాధ్యాయులగుటచే ఈ సెలవులలోనే గాని మాకు ఊరు కదలుటకు వీలు చిక్కదు. జువ్వలదిన్నెలో మా వారి అక్కగారి కాపురము. ఆమె అత్తవారింటికి పోయి ఇరువదియైదేండ్లు దాటినది. ఇన్నేండ్లలో మేమచ్చటికి పోయినది మూడు మారులే. ఈ మారు పోవుట వినోదమునకు గాదు. పండుగకు నాలుగు దినముల ముందు మా మేనకోడలు ఫోనులో, "అత్తా, మీరొక్కసారి రండి. మామ మా నాన్నతో మాటలాడవలెను" అని, మరి మాట పెగలక ఊరకుండెను. ఆ ఊరకుండుటయే మమ్ము బయలుదేరదీసినది.

కావలిలో బస్సెక్కి బిట్రగుంటలో దిగితిమి. ఆవిరి యంత్రముల కాలమున బిట్రగుంట పేరుమోసిన రైలు కూడలి. యంత్రములను నిలుపు పెద్ద షెడ్డును, రైల్వే ఉద్యోగులగు ఆంగ్లో ఇండియనుల కాపురములును అచ్చట నుండెడివి. ఆవిరితోడనే ఆ వైభవమును ఆవిరియైనది. కొండబిట్రగుంట వేంకటేశ్వరస్వామిని సేవింపబోవు భక్తులొక ఆటోను, మేమొక ఆటోను మాటలాడుకొంటిమి. బుట్టనిండ అరిసెలు పెట్టుకొన్న ఒక ముసలమ్మ, వారి ఆటో ఏదో మా ఆటో ఏదో తెలియక, మా ఒడిలో బుట్టయుంచి, పిదప నవ్వుచు తీసికొనిపోయెను.

జువ్వలదిన్నె యనునది జువ్విచెట్లుండిన దిన్నెయని మా వారి ఊహ. మేము త్రోవపొడుగునను కనిపెట్టి చూచితిమి గాని జువ్విచెట్టు ఒక్కటియు కంటబడలేదు. తాళ్లును, సరుగుడు తోపులును, వరిచేలును గడచినంతనే రొయ్యలగుంటలు ప్రారంభమైనవి. నలుచదరముగా గట్లు, గట్లపై కరెంటు తీగలు, నీటిలో తిరుగు చక్రములు. పూర్వమీ చక్రముల చప్పుడు రేయింబవళ్లు వినబడుచుండెడిది. ఈ మారు సగము గుంటలలో చక్రములు ఒడ్డున పడియున్నవి. అడుగు బీటలువారి తెల్లని ఉప్పు పేరియున్నది.

తీరమునకు చేరకమునుపే బకింగుహాము కాలువ దాటవలెను. మా సోదరీమణులలో పలువురు ఈ కాలువను రైలుకిటికీనుండి చూచియుందురు. దాని కథ ఎరిగినవారు తక్కువ. మద్రాసువద్ద 1806లో చిన్నదిగా మొదలైన కాలువ ఇది. 1876 మొదలు 1878 వరకు మన దేశమును మాడ్చిన ధాత కరవులో, ఆకలిగొన్నవారికి కూలి కల్పించుటకై దీనిని పొడిగించి త్రవ్వించిరి. అప్పటి మద్రాసు గవర్నరుగారి బిరుదమే దీనికి పేరైనది. ఉత్తరమున పెదగంజామునొద్ద కృష్ణ కాలువలతో కలిసి, దక్షిణమున అరవదేశమువరకు పోవును. ఉప్పు, కట్టెలు, ధాన్యము మోసిన పడవలు దీనిమీద తిరుగుచుండగా చూచినవారు మా నాయనమ్మగారి తరమున ఉండిరి. ఇప్పుడు కొన్నిచోట్ల నాచు, కొన్నిచోట్ల బురద, పడవలు లేవు.

ఆటో వంతెనమీదికి రాగానే మా వారు నిలుపుమనిరి. ఆ కరవునాడు ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు ఈ కాలువలో సుమారు మూడు మైళ్ల పని గుత్తకు తీసికొనిరి. ఆయన మతబోధకు రాకమునుపు భూమి కొలుచు పని నేర్చినవారు. మాదిగలు మొదలగు బీదజనము వేలకొలది వచ్చి మన్ను మోసి కూలి సంపాదించి బ్రదికిరి. ఇంతవరకు పలువురు చెప్పుదురు. మాకు ముఖ్యముగా తోచునది తరువాతి సంగతి. పనిచేయు ఆ జనులు తమకు బాప్తిస్మమిమ్మని అడిగిరి. కరవు తీరువరకు ఆయన ఇయ్యలేదు. అన్నము పెట్టుచు మతమిచ్చినచో, వచ్చినవాడు దేవునికొరకు వచ్చెనో గంజికొరకు వచ్చెనో వానికే తెలియదని ఆయన శంక. సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మము లేదు. సహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వేలంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది నీటిలోనికి దిగిరి. ఈ సంఖ్యను మా సంఘములలో చిన్నపిల్లలు సైతము చెప్పగలరు. దానికి ముందు ఆయన కాదన్న నెలల లెక్క మాత్రము ఎవరును చెప్పరు. మాకు ఆ 2,222 కంటె ఆ నిరాకరణమే గొప్పగా కనబడును.

ఆ మిషను నిలుచుటయే ఒక వింత. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున కూడిన పెద్దలు, కానుకలు ఖర్చగుచున్నవి గాని ఫలము లేదు, నెల్లూరు పనిని మూసివేయుదమా యని తర్కించిరి. పటములో నెల్లూరు ఒంటరి నక్షత్రమువలె నున్నదని యొకరనిరి. శామ్యూల్ స్మిత్ గారు ఆ మాటనుబట్టి ఒక పద్యము వ్రాసిరి. పెద్దల మనస్సు మారెను. మరుసటి జనవరి 1వ తేదీ వేకువను ఒంగోలు కొండమీద మోకరించినవారు అయిదుగురు. జూవెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అను బోధకుడు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలని మా తండ్రిగారు మాకు వ్రేళ్లు మడిచి చూపెడివారు. మా తండ్రిగారు తెలుగు పండితులు. మమ్ము బడికి పంపక ఇంటనే కూర్చుండబెట్టి, ఉదయమున తిక్కనగారి భారతమును, దీపము పెట్టిన పిదప బైబిలును చదివించిరి. నెల్లూరివారికి తిక్కనయు మత్తయియు ఇద్దరును ఇంటివారేయని ఆయన వేడుకగా అనెడివారు.

వదినగారిల్లు చేరునప్పటికి ప్రొద్దు వాలినది. కాళ్లు కడుగుకొని లోపలికి పోగానే మా కన్ను గోడమీద పడినది. పూర్వము పెండ్లి పటముండిన చోట ఒక పెద్ద రంగుల పటము వ్రేలాడుచున్నది. దానియేలు గ్రంథములో నెబుకద్నెజరు కలగన్న ప్రతిమ. బంగారు తల, ఇనుప కాళ్లు, మట్టి కలిసిన పాదములు. ప్రక్కన బాణపు గుర్తులు, వాని కొనలయందు నేటి దేశముల పేర్లు. రష్యా, ఇరాను, చైనా, ఇశ్రాయేలు. కొన్నింటికి ఎర్రసిరాతో సున్నలు చుట్టియున్నవి. ఆ శరత్కాలమున వచ్చి మూడు రాత్రులు సభలు జరిపిన ఒక ప్రసంగీకుడు ఇంటింటికి అమ్మిన పటమట.

అన్నయ్యగారు, అనగా వదినగారి భర్త, మమ్ము ఆదరముగనే పలుకరించిరి. మనిషి చిక్కిపోయిరి. ఆయనకు నాలుగెకరముల గుంటలు కౌలున ఉన్నవి. ఆయన కష్టము చెప్పుటకుముందు రొయ్యల వ్యవహారము కొంచెము చెప్పవలెను. ఇంటి ఖర్చు లెక్క వ్రాయు సోదరీమణులకు ఇది కఠినము గాదు.

ఈ గుంటలలో పెంచునది వెన్నామి రొయ్య. కిలోకు ఎన్ని తూగునో దానిని కౌంటందురు. కిలోకు ముప్పది తూగునది పెద్దది, నూరు తూగునది చిన్నది. పెద్ద రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. మన దేశమున పెంపుడు రొయ్యలలో ఎక్కువ భాగము మన ఆంధ్రప్రదేశములోనే పండును. 2025 ఏప్రిలులో అమెరికా అధ్యక్షుడు ట్రంపు గారు ఇంచుమించు అన్ని దేశముల సరకులపై సుంకములు ప్రకటించిరి. ఆగస్టు 7న మన సరకుపై 25 శాతము పడినది. మనము రష్యా నూనె కొనుచున్నామని ఆగస్టు 27న మరియొక 25 శాతము వేసిరి. రొయ్యపై పూర్వమేయున్న ఇతర సుంకములతో కలిసి అది 58 శాతము దాటినది. మేము పోయిన దినమునకు అది తొలగలేదు. రష్యా ఉక్రెయినుమీదికి దండెత్తినది 2022 ఫిబ్రవరిలో. ఆ యుద్ధపు ఖర్చునకు నూనె సొమ్ము పోవుచున్నదని అమెరికా కోపము. ఆ కోపము సముద్రములు దాటి వచ్చి జువ్వలదిన్నెలో మా వదినగారి గుంట గట్టుమీద కూర్చున్నది. మేత ధర తగ్గలేదు, కరెంటు ఖర్చు తగ్గలేదు, కౌలు తగ్గలేదు. రొయ్య ధర మాత్రము తగ్గినది. అన్నయ్యగారు వేసవిపంటలో నష్టపడి, దానిని పూడ్చుకొందునని వేసిన రెండవపంటను తెగులు భయముతో ముందుగా పట్టి చిన్న కౌంటుకే అమ్మివేసిరి. ఇప్పుడు అప్పు నిలిచినది, గుంటలు ఎండినవి.

ఇంతలో ఆ సభలు జరిగినవి. యుద్ధములు, కరవులు, సుంకములు అన్నియు కడవరి దినముల గుర్తులే. ఇంకేల పంటలు, ఇంకేల చదువులు అని ప్రసంగీకుడు చెప్పెను. నష్టపడినవానికి ఆ మాట ఎంత హాయిగా నుండునో మేము ఊహింపగలము. లోకమే మునుగుచున్నప్పుడు తన నాలుగెకరములు మునిగిన సిగ్గు ఉండదు గదా. ఆయన గుంటలు విడిచిపెట్టుదునని నిశ్చయించుకొనిరి. మా మేనకోడలు నర్సింగు చదువుచున్నది. రెండవ సంవత్సరపు రుసుము సంక్రాంతిలోగా కట్టవలెను. "కాలము సమీపించినది. ఇంటికి వచ్చి మీ అమ్మకు తోడుగా ఉండుము" అని తండ్రి చెప్పెను. ఇదియే ఆ ఫోనులోని మౌనము.

ఆ సాయంకాలము వదినగారు మమ్ము తీరమునకు తీసికొనిపోయిరి. డిసెంబరు 26 అని మేము మరచితిమి, వారు మరువలేదు. 2004లో ఆ దినమున ఆదివారమునాటి ఉదయము సునామీ వచ్చినది. పట్టపువారి ఇండ్లనుండి కొందరు స్త్రీలు పళ్లెములలో పూలును, గిన్నెలలో పాలును తెచ్చి అలలలో విడిచిరి. వదినగారు పూలు విడువలేదు. నీటియంచున నిలిచి కన్నులు మూసికొని ప్రార్థన చేసికొనిరి. ఆమె ప్రక్కనే ఒక ముసలమ్మ పూలు విడుచుచుండెను. ఒకరినొకరు చేయిపట్టుకొని ఇసుకలో పైకి నడచివచ్చిరి. ఆ దినమున కొట్టుకొనిపోయిన పడవలు ఇరువురి ఇండ్లవియు కలవు. "ఏందమ్మా, మీ దేవుడు గూడా సముద్రం మీద నడిచినాడంట గదా, మాకు గూడా కాస్త చెప్పమ్మా ఆయనకి" అని ఆ ముసలమ్మ మాతో అనెను. మేమేమి చెప్పగలము? తలయూపితిమి.

ఉత్తరముగా చూచిన, కొత్త చేపల రేవు బండరాళ్ల కట్టలు సముద్రములోనికి చేతులవలె చాచియున్నవి. దానిని 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మోదీగారు దూరమునుండియే ప్రారంభించిరి. పెద్దపడవలు సుఖముగా నిలుచుటకు అది. పరరాష్ట్రపు పెద్దపడవలు వచ్చి మన మేరలో చేపను తోడుకొనిపోవుచున్నవని ఈ తీరపువారి చిరకాలపు మొర. వదినగారి వీధివారి ఫైబరు పడవలు మాత్రము నాడు ఇసుకమీదనే వరుసగా ఒరిగియున్నవి.

రాత్రి భోజనములైన పిదప మా వారును అన్నయ్యగారును అరుగుమీద కూర్చుండిరి. మేమును వదినగారును తలుపువద్ద కూర్చుంటిమి. అమ్మాయి లోపల గిన్నెలు కడుగుచుండెను గాని, గిన్నెల చప్పుడు వినబడలేదు.

అన్నయ్యగారు పటములోని సంగతులు వరుసగా చెప్పిరి. ఆయనకు అవన్నియు కంఠస్థములు. 2023 అక్టోబరు 7న హమాసువారు ఇశ్రాయేలులో సుమారు 1,200 మందిని చంపుట, ఆ పిమ్మట గాజాపై జరిగిన యుద్ధము, 2025 జూనులో ఇరానుతో జరిగిన పండ్రెండు దినముల యుద్ధము, అన్నియు గ్రంథములో ముందే ఉన్నవనిరి. మన పక్షము ఇశ్రాయేలు పక్షము, అది గెలుచుట దేవుడు గెలుచుటయే యనిరి.

మా వారు మెల్లగా అడిగిరి. "బావా, గాజాలో మన విశ్వాసులును ఉన్నారు గదా? వారి సంగతి పటములో ఎక్కడ?"

ఆయనకది తెలియదు. తెలియకపోవుట ఆయన తప్పు గాదు, చెప్పినవారు లేరు. గాజాలో సెయింట్ పోర్ఫిరియస్ అను ప్రాచీనమైన దేవాలయము కలదు. 2023 అక్టోబరులో దాని ఆవరణలో తలదాచుకొన్నవారిపై బాంబుదెబ్బకు గోడలు కూలి పలువురు మరణించిరి. 2025 జూలై 17న హోలీ ఫ్యామిలీ చర్చికి దెబ్బతగిలి ముగ్గురు పోయిరి. పోపు ఫ్రాన్సిసు గారు 2025 ఏప్రిలులో తాము కన్నుమూయుటకు ముందువరకు ఆ చర్చివారిని ఇంచుమించు ప్రతిరాత్రియు ఫోనులో పలుకరించుచుండిరి. 2023 క్రిస్మసునాడు బేత్లెహేములో ఒక లూథరను సంఘమువారు పశువుల తొట్టికి బదులు కూలిన రాళ్లకుప్పలో బాలయేసు బొమ్మను పరుండబెట్టిరి. మా వారు ఇవి చెప్పుచుండగా వదినగారు కొంగుతో కన్నులొత్తుకొనిరి. "అక్టోబరు ఏడున చనిపోయిన పిల్లల తల్లులును తల్లులే గదా" అని ఆమెయే అనిరి. అంతకంటె ఎవరును ఏమియు అనలేదు.

మాకు భారతము జ్ఞప్తికి వచ్చినది. ధృతరాష్ట్రుడు ఇంట కూర్చుండి సంజయుని నోట యుద్ధవార్తలు వినును. నేడు ఇంటింట ఒక సంజయుడు అరచేతిలో వెలుగుచున్నాడు. వినువానికి ఎవరు గెలుతురోయను ఆతురతయే గాని, పడినవాడెవడను విచారము చాలసేపటికి గాని పుట్టదు. తిక్కనగారు యుద్ధపర్వములు ముగించి ఊరకుండలేదు, స్త్రీపర్వమును వ్రాసిరి. రణభూమిలో గాంధారి మొదలగువారు తమవారిని వెదకుకొనుచు తిరుగు ఘట్టమది. మా తండ్రిగారు దానిని మాకు చదివించునప్పుడు ఏ పక్షపు స్త్రీ ఏడ్చుచున్నదో మరచిపోవుచుంటిమి. ఇది అన్నయ్యగారికి చెప్పవలెనని నోటివరకు వచ్చెను. కాని తలుపువద్దనుండి పెద్దవారికి బోధ చేయుట బాగుండదని మానితిమి. ఆ రాత్రి సంభాషణ ఏమియు తేలకయే ముగిసినది.

శనివారము వేకువను తీరమున అలివి వల లాగుచున్నారని విని చూడబోతిమి. వలయొక కొన ఇసుకమీద, రెండవ కొన పడవతో సముద్రములోనికి పోయి చుట్టి తిరిగివచ్చును. రెండు త్రాళ్లు పట్టుకొని రెండు వరుసల మనుషులు వెనుకకు నడచుచు లాగుదురు. చిన్నపిల్లలు సైతము చివర చేయి వేసిరి. గంటకు పైగా లాగిన పిదప వల సంచి ఒడ్డునకు వచ్చినది. కవళ్లు, నెత్తళ్లు, రెండు చందువలు, పీతలు, ప్లాస్టికు సీసాలు, నాచు, ఒక పాతచెప్పు. పురుషులు వల విడిచి బీడీలు ముట్టించిరి. అప్పుడు స్త్రీలు తట్టలతో వచ్చి కూర్చుండి ఏరుట మొదలిడిరి. ఏది కూరకు, ఏది ఎండబెట్టుటకు, ఏది వేలమునకు, ఏది పారవేయుటకు అని వారి వ్రేళ్లకే తెలియును.

పరలోకరాజ్యమును వలతో పోల్చిన ఉపమానము మత్తయి 13వ అధ్యాయమున ఉన్నది. పలుమారులు చదివితిమి గాని ఇసుకలో కూర్చుండి చూచినప్పుడు గాని ఒక సంగతి మాకు తట్టలేదు. వల నీటిలో నున్నంతవరకు ఏరుట లేదు. అన్నియు కలిసియే వచ్చును. ఏరుట ఒడ్డున, అదియును చివర, ఏరువారు వేరు. నీటిలోనుండగనే ఇది మంచిచేప, ఇది చెడ్డచేపయని ఎర్రసిరాతో సున్నలు చుట్టుట చేప పని గాదు. ఇది మా పాండిత్యము గాదు, ఏరుచున్న ఆ స్త్రీల వ్రేళ్లు మాకు చెప్పినది.

అక్కడనే మరియొక మాటయు తోచినది. మన తెలుగు బైబిలులో సుంకము వసూలుచేయువానికి సుంకరియని పేరు. సుంకమనునది మన తీరమునకు కొత్తది గాదు. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము చెక్కించెను. తుపానులో చెడిన ఓడల సరకును పూర్వపు రాజులు దోచుకొనెడివారు, మేము అట్లు చేయము, ముప్పదింట ఒక పాలు మాత్రము సుంకము తీసికొందుము, వర్తకులు నిర్భయముగా రండి యని దాని సారము. ముప్పదింట ఒక పాలెక్కడ, నూటికి 58 ఎక్కడ! అట్లని యేసు సుంకరులను విడిచిపెట్టలేదు. మత్తయి సుంకరి, పేతురు జాలరి. గలిలయ తీరమున చేపపైనను రేవుపైనను సుంకము పట్టువాడును, పట్టించుకొనువాడును ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేసిరి. ఆ పంక్తిలో మొదటి దినమున మాటలు ఎట్లు సాగెనోయని మాకు నవ్వు వచ్చును. మా వారితో చెప్పగా, "పేతురు కొంతసేపు పలుకక యుండును" అనిరి.

క్లౌ దొరగారి అమెరికాయు, ఈ సుంకపు అమెరికాయు ఒకటే దేశము. కరవులో కూలి పెట్టించినది దేవుని దేశమని మ్రొక్కుటయు, సుంకము వేసినది సైతాను దేశమని శపించుటయు రెండును మాకు సరిపడవు. దేశములు మనుషులవంటివే, ఒక కాలమున ఒక పని, మరియొక కాలమున మరియొక పని చేయును.

ఆ రాత్రి కుటుంబప్రార్థనలో వాక్యము చదువు వంతు అతిథులదని వదినగారు మాకు గ్రంథమిచ్చిరి. మేము మధ్యాహ్నమే ఆలోచించుకొని యుంటిమి. యిర్మీయా 32వ అధ్యాయము తెరచితిమి. సందర్భమిది. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. పట్టణము పడిపోవుట నిశ్చయమని చెప్పినవాడు యిర్మీయాయే; అందుకే రాజు అతనిని చెరలో ఉంచెను. అట్టి సమయమున పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని నా పొలము కొనుమనెను. శత్రువు కాలిక్రిందనున్న పొలము. ప్రవక్త పదియేడు తులముల వెండి తూచి యిచ్చి, సాక్షులచేత పత్రము వ్రాయించి, ముద్రవేసి, చాలకాలము చెడకుండునట్లు మట్టికుండలో భద్రపరచుమని బారూకునకిచ్చెను. అంతము వచ్చుచున్నదని అందరికంటె బాగుగా తెలిసినవాడే ఈ బేరము చేసినది. ఆ దేశమున ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును మరల కొనబడునని దేవుడు చెప్పుటచేత.

మేము చదివి మూసితిమి. వ్యాఖ్య చేయలేదు. థెస్సలొనీకలో అంతము వచ్చినదని పని మానుకొన్నవారిని పౌలు గద్దించిన భాగమును చదువుదమని మొదట అనుకొంటిమి. కాని అప్పులలో నున్న మనిషిని గద్దింపు వాక్యముతో కొట్టుట మాకు మనసొప్పలేదు. అన్నయ్యగారు చాలసేపు నేల చూచుచుండి, "పదియేడు తులములు అప్పుడు ఎంతయో!" అని మాత్రము అనిరి. పిదప లేచి బయటికి పోయిరి. వెలుతురు గొట్టము పట్టుకొని గుంటల గట్టుపై నడచుచున్నట్లు దూరమున కనబడెను. వదినగారు భయపడిరి. నష్టపడిన రైతు రాత్రివేళ గట్టుపైకి పోయిన ఏ యిల్లాలికి భయముండదు? మా వారును వెనుకనే పోయిరి. ఇరువురును అర్ధరాత్రి దాటిన పిదప తిరిగివచ్చిరి. బురదకాళ్లతో వచ్చుటచేత మేమేమియు అడుగలేదు.

ఆదివారము ఆరాధనకు పోతిమి. చిన్న సంఘము, ఎక్కువమంది స్త్రీలు. సంఘపెద్ద తన ప్రార్థనలో ఒక దేశము జయింపవలెననియు, మరియొక దేశము నశింపవలెననియు పేర్లు పెట్టి వేడిరి. స్త్రీలు ప్రార్థించు వంతు రాగా వదినగారు లేచిరి. ఆమె ఏ సభలోను నోరు విప్పినవారు గారు. ఆ దినమున గాజాలోని తల్లులకొరకును, ఇశ్రాయేలులోని తల్లులకొరకును, ఉక్రెయినువారికొరకును, రష్యాలో కుమారులను యుద్ధమునకు పంపినవారికొరకును, అన్ని దేశముల జాలరులు క్షేమముగా ఒడ్డుచేరవలెననియు, చివరకు అమెరికాలో రొయ్య కొని తినువారికొరకును ప్రార్థించిరి. చివరి మాటకు ఇద్దరు ముగ్గురు పడుచులు నవ్వు ఆపుకొనుట మేము చూచితిమి. మా వారు మాత్రము గట్టిగా ఆమేననిరి. అన్నయ్యగారు ఆమేననినట్లు వినబడలేదు. పురుషులవైపు చివర కూర్చున్నందున మాకు సరిగా తెలియదు.

మధ్యాహ్నము బయలుదేరితిమి. వదినగారు ఎండు నెత్తళ్లు కాగితములో చుట్టి, కావలి చేరువరకు వాసన రాకుండ మరియొక సంచిలో పెట్టి ఇచ్చిరి, వాసన వచ్చుచునేయుండెను. అప్పు తీరలేదు. గుంటలు ఎండియే యున్నవి. నాలుగింటిలో ఒక గుంటకు మాత్రము సున్నము చల్లి నీరు పెట్టుదునని అన్నయ్యగారు మా వారితో చెప్పిరట. మిగిలినవి భూయజమానికి తిరిగి అప్పగింతురట. రుసుము మాట ఆయన మాతో ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

ఆటో కదలబోవుచుండగా అమ్మాయి పరుగున వచ్చి కిటికీలో తలపెట్టెను. "అత్తా, నాన్న పొద్దున నన్ను కళాశాలవారి కాగితము తెమ్మనిరి. కడపటి తేదీ ఎప్పుడని అడిగి, మరచిపోదునేమో యని పటము అంచున బొగ్గుతో వ్రాసికొనిరి" అనెను. ఏ పటమని మేమడుగుటకు లోగానే ఆటో వంతెనవైపు తిరిగినది.